ఏడో డబ్బాలో నలభై రెండు కిలోలు

ప్రేమ్‌సింగ్ చేతిలో మొదట ఉన్నది నాలుగు లక్షల ఎనభై వేలు. కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి పోయే రోడ్డు పక్కన రెండెకరాలు కౌలుకు తీసుకుని, ఆ డబ్బుతో పిల్లల పార్కు పెట్టాడు. పాత ఆటోలు నాలుగు తగిలించిన రైలు. నందులు తప్ప వేరే బొమ్మ చేయని మేస్త్రీ చేతిలో పడి, ఎద్దు మొహంతో నిలబడ్డ డైనోసార్. కింద స్ప్రింగు బిగించి, ఎవరూ కూచోకపోతే రెండు కొసలూ సమంగా నిలబడే తూగుబల్ల. ఇక... రంగులరాట్నం.

చెడ్డపేరంతా దానివల్లే వచ్చింది.

రాట్నానికి ఎనిమిది డబ్బాలు. చీకటి పడ్డాక జనాన్ని దించేసి, ఇంజన్ ఆపి వదిలేస్తే అది మెల్లగా తిరిగేది — తిరిగి, తిరిగి — ఏడో డబ్బా కిందికొచ్చి ఆగేది. రోజూ ఏడోదే. లోపల ఎవరో కూచున్నట్టు.

చూసినవాళ్లు ఊరుకుంటారా? దోమకొండ బడివాళ్లు రావడం మానేశారు. సదాశివనగర్ బడివాళ్లు ఫోన్ ఎత్తడమే మానేశారు. దసరా సెలవులకూ పిల్లలు రాకపోతే ఇక తాళం వేయడమే.

ప్రేమ్‌సింగ్‌కు దెయ్యాల మీద నమ్మకం లేదు. తూకం మీద ఉంది. డబ్బాలు ఎనిమిదీ విప్పించి కాంటా మీద పెట్టాడు. ఒక్కోటి యాభై నాలుగు కిలోలు. తేడా లేదు. బేరింగులు మార్చాడు. అయినా ఆగేది ఏడోదే! చివరికి దానికి ఎదురుగా ఉండే మూడో డబ్బాలో కొద్దికొద్దిగా ఇసుక వేస్తూ పోయాడు. సరిగ్గా నలభై రెండు కిలోల దగ్గర, రాట్నం ఎక్కడ ఆపితే అక్కడ ఆగింది.

నలభై రెండు... ఎవరి బరువు?

టికెట్లు చింపే భూదవ్వ చేటలో బీడీలు చుట్టుకుంటూ అంది. “రాట్నం అమ్మిన జైరాం తాత అప్పుడే చెప్పిండు గద బిడ్డా. బంద్ చేసే ముందు డబ్బా డబ్బాకు గొళ్లెం తీసి ‘దిగుర్రి’ అనాలె. ఖాళీగున్నా అనాలె. జాతరల గట్లనే చేస్తరు.”

“డబ్బాకు అర నిమిషం. రోజుకు నాలుగు నిమిషాలు. ఏడాదికి ఒక దినం దండగైతది అవ్వా!”

“లెక్కలు మంచిగనే చేస్తవు. మరి ఆ నలభై రెండు ఏంది?”

ప్రేమ్‌సింగ్ ఇసుకను ఇంకోసారి కాంటా మీద పెట్టాడు. నలభై రెండే.

దెయ్యాలను వెతికే టీవీ వాళ్లను అతనే పిలిచాడు. ‘ఇక్కడ ఏమీ లేదు’ అని వాళ్ల నోటితో అనిపిస్తే చాలు. కానీ దెయ్యం లేకపోతే వాళ్లకు గడవదు కదా... వాళ్లే ఏ తీగో కట్టి లాగితే? రాట్నం ఏడోదాని దగ్గర ఆగకుండా మూడో డబ్బా సీటు కింద రెండు ఇసుక సంచులు దాచాడు. ఒక్కోటి ఇరవై ఒక్క కిలోలు. తీగలు కట్టకుండా, వ్యాను దిగిన దగ్గర్నుంచి వాళ్ల వెనకే తిరిగాడు.

నల్ల శాలువా కప్పుకున్న యాంకర్ కృష్ణమోహన్‌కు చిరాకేసింది. “ఏంటి తమ్ముడూ, దెయ్యాన్ని వదిలేసి మా కాళ్ల మీద టార్చి కొడుతున్నావ్?”

“దెయ్యాలకు పాదాలు వెనక్కి ఉంటయంట గద సార్. చూసుకుంటున్న.”

పదకొండింటికి రాట్నం తిప్పారు. ఐదో డబ్బా దగ్గర ఆగింది. మళ్లీ తిప్పారు. రెండోదాని దగ్గర. కృష్ణమోహన్ మొహం వాడిపోయింది. ఆఖరికి ఏడో డబ్బాను చేత్తోనే కిందికి లాగించాడు. గొళ్లెం తీశాడు. కెమెరా కోసం గొంతు తగ్గించి, లోపలికి వంగి —

“ఎవరున్నారు? భయపడకు... దిగు. దిగమ్మా.”

భూదవ్వ చేతిలో బీడీ ఆకు ఆగిపోయింది.

డబ్బా కొంచెం ఊగింది. ప్రేమ్‌సింగ్ చటుక్కున టార్చి వేశాడు. తీగ లేదు. గాలి లేదు. దెయ్యం ఉంటే మోగుతుందని యాంకర్ పట్టుకున్న మిషన్ చప్పుడు చేయలేదు.

రెండింటికి కృష్ణమోహన్ కెమెరా ముందు ఒప్పేసుకున్నాడు: “ఇక్కడ ఏమీ లేదు.” వ్యాను వెళ్లిపోయింది.

ప్రేమ్‌సింగ్‌కు గంతేయాలనిపించింది. తెల్లారితే రెండు బడులకూ ఫోన్ చేయాలి! తాళం వేసే ముందు, అలవాటుగా రాట్నాన్ని వదిలాడు.

అది కదిలింది.

తిరిగి... తిరిగి... మూడో డబ్బా కిందికొచ్చి ఆగింది. ఇసుక ఉన్న డబ్బా.

“టీవీవోళ్లే... ఇంకింత ఇసుక పోసిన్రు!” సంచులు లాగి కాంటా మీద పెట్టాడు. ఇరవై ఒకటి. ఇరవై ఒకటి. ఖాళీ రాట్నాన్ని మళ్లీ వదిలాడు. ఎక్కడ ఆపితే అక్కడ ఆగింది. ఇన్ని నెలల్లో మొదటిసారి.

భూదవ్వ గుసగుసగా అంది. “దిగుమన్నడు గద. దిగింది.”

“దిగి... ఎటు పోయిందవ్వా?”

ఆమె అతని చేతిలో టార్చి తీసుకుని గేటు వైపు తిప్పింది.

తూగుబల్ల. ఒక కొస నేలకు ఆనుకుని ఉంది. రెండోది గాల్లో ఉంది.

“స్ప్రింగు... విరిగినట్టుంది.”

“తూకం వేసుడు నీ పనే గద. వెయ్యి.”

సంచులు చెరో చేత్తో పట్టుకుని నడిచాడు. పైకి లేచిన కొస మీద ఒకటి పెట్టాడు. అవతల నేలకు ఆనిన కొస మెల్లగా లేచింది... సగం దాకా వచ్చి ఆగింది.

ప్రేమ్‌సింగ్ రెండో సంచి ఎత్తాడు.