పిండాల తిన్నె మీద కూత

కృష్ణ కరకట్ట మీద ఎవర్నడిగినా చెబుతారు — దీపాలు పెట్టే వేళ దాటాక పిండాల తిన్నె వైపు వెళ్ళకూడదని.

ఎందుకని అడిగితే మాత్రం చెప్పరు. గొంతు తగ్గించి, "వాళ్ళుంటారండీ..." అంటారు. అంతే.

వాళ్ళంటే ఎవరో కాదు. ఆ ఇసుక తిన్నె మీద జనం ఎన్నో తరాలుగా పోయినవాళ్ళకి పిండాలు పెడుతున్నారు. కాకి వచ్చి ముట్టుకుంటే పోయినవాళ్ళు తృప్తిగా తిని వెళ్ళినట్టు. ముట్టకపోతే... అలిగినట్టు. అలా అలిగినవాళ్ళంతా ఆ తిన్నె మీదే ఉండిపోతారట. చీకట్లో ఎవరైనా అటు నడిస్తే, తమవాళ్ళేమోనని వెనకాలే నడుస్తారట.

కట్ట మీద టీకొట్టు పుల్లయ్య ఆ అడుగుల చప్పుడు స్వయంగా విన్నానంటాడు. ఎవరివి పుల్లయ్యా అంటే, "తెలీదండీ, వెనక్కి తిరిగి చూస్తే కదా" అంటాడు. పుల్లయ్య తెలివైనవాడు.

అలాంటి చోటికి, రెండువేల నాలుగు పుష్కరాలు అయిపోయిన కొన్నాళ్ళకి, తిరుపతిరావు మాస్టారు చీకటి పడ్డాక వెళ్ళాడు. దెయ్యాల్లేవని పిల్లలకి పాఠం చెప్పే సైన్సు మాస్టారే ఆయన. కానీ వెళ్ళక తప్పలేదు పాపం.

పుష్కరాల్లో ఆయన తండ్రి వీరరాఘవయ్యగారికి పిండం పెట్టింది ఆ తిన్నె మీదే. పెట్టి, దూరంగా జరిగి నిలబడ్డాడు. కాకులు వచ్చాయి. అటుపక్కవాళ్ళ పిండం తిన్నాయి. ఇటుపక్కవాళ్ళది తిన్నాయి. మాస్టారు పెట్టిన ఆకు చుట్టూ తిరిగి, మెడ వంచి చూసి — ఎగిరిపోయాయి.

"ఇంతమంది పెడితే అవి మాత్రం ఎన్నని తింటాయండీ, కడుపు నిండిపోయుంటుంది" అని పురోహితుడు సర్దిచెప్పి, పిండాన్ని నీళ్ళలో కలిపించాడు. సరేననుకుని మాస్టారు చేతులు చూసుకుంటే... వేలికి ఉంగరం లేదు.

అది తండ్రి ఉంగరం. ఆయనవి లావు వేళ్ళు, కొడుకువి సన్నవి. వదులని దారం చుట్టి పెట్టుకుంటున్నాడు. ఎప్పుడు జారిందో ఏమో.

కాకి ముట్టలేదు. ఉంగరం పోయింది. రెండూ కలిపి చూసుకున్న మాస్టారికి ఒకటే తోచింది — నాన్నకి తన మీద కోపం వచ్చింది, ఇచ్చింది వెనక్కి తీసేసుకున్నాడు.

భార్య శివపార్వతికి చెప్పుకున్నాడు గానీ, తల్లి మాణిక్యమ్మకి చెప్పే ధైర్యం చాల్లేదు. మెరుగు పెట్టమని కంసాలికిచ్చానని బొంకాడు. "ఎన్నాళ్ళురా ఆ మెరుగు? మీ నాన్న ఉన్నప్పుడు కూడా అంత మెరవలేదు కదరా అది" అని ఆవిడ నవ్వినప్పుడల్లా ఆయనకి ముద్ద మింగుడు పడేది కాదు.

అదిగో, అప్పుడు తెలిసింది కరిముల్లా సంగతి.

బెజవాడ వన్‌టౌన్‌లో రేడియోలూ టేపురికార్డర్లూ బాగుచేసే కొట్టు కరిముల్లాది. భూమిలో ఏదైనా లోహం ఉంటే కూతపెట్టే మిషన్లు ఆయన దగ్గర రెండున్నాయి. మొగుడూ పెళ్ళాం కలిసి వెళ్ళారు. కరిముల్లా స్టూలు తుడిచి కూర్చోబెట్టాడు. ఆయనకి పని ఎంత ఇష్టమో, పని గురించి మాట్లాడటం అంతకన్నా ఇష్టం.

"వెతికేది ఎక్కడో ముందు చెప్పండి మాస్టారూ. మిషను సంగతి ఆనక చూద్దాం."

"ఇసుకలోనండీ."

"ఏ ఇసుక? ఉప్పునీళ్ళదా, మంచినీళ్ళదా?"

"కృష్ణలోదండీ. పుష్కరాలప్పుడు పిండాలు పెట్టిన తిన్నె," అన్నాడు మాస్టారు.

"మంగినపూడి బీచ్ అనుకోండి. అక్కడ తడి ఇసుక నిండా ఉప్పు. మామూలు మిషను పెడితే కింద ఏమీ లేకపోయినా గోలగోల చేస్తది. దానికి వేరే ఖరీదైన మిషను కావాలి. మన కృష్ణమ్మది మంచినీళ్ళ ఇసుక. పేచీ లేదు. ఇవి రెండూ పనికొస్తాయి."

"మరి చేలో వెతకాలంటేనో?" అంది శివపార్వతి. చేలో వాళ్ళదేమీ పోలేదు. కొట్టుకి వెళితే కొననివాటి గురించి కూడా కనుక్కోవడం ఆవిడ అలవాటు.

"నల్లరేగడా అమ్మా? దాంట్లో బండి కమ్మీలు, కర్రు ముక్కలు, మేకులు... తాతలనాటి ఇనుమంతా ఉంటది. ఇదిగో, కర్ర చివర పెద్ద పళ్ళెమున్న ఈ మిషను లోతుగా చూస్తది. ఖాళీ నేలకైతే బాగుంటది. చెత్త ఎక్కువున్న చోట మాత్రం అన్నిటికీ కలిపి ఒకటే కూత. పుష్కరాలు జరిగిన చోటంటున్నారుగా, చిల్లరా, సీసా మూతలూ ఎన్నుంటాయో. అందుకని ఈ చిన్న పళ్ళెందే తీసుకోండి. దేనికదే విడదీసి చూస్తది. ఇనుమైతే గుర్రుమంటది. వెండీ బంగారాలకి సన్నగా కూస్తది. నీళ్ళల్లో పెట్టినా ఏం కాదు."

చిన్న పళ్ళెమే ఖాయమైంది. అయితే మిషను ఒక్కదాన్నే పంపడట. తనూ వస్తాడట.

పగలు వెళితే ఊరంతా పోగవుతుంది, సాయంత్రానికి కబురు మాణిక్యమ్మ చెవిలో పడుతుంది. అందుకని పొద్దుగూకాక వెళ్ళారు. ముగ్గుర్నీ చూసి పుల్లయ్య టీ గ్లాసు కడగడం ఆపేశాడు.

"అటేనాండీ?" అన్నాడు మెల్లగా.

"అటే."

"వెనకాల చప్పుడైతే... తిరగమాకండి."

నీళ్ళు బాగా తగ్గాయి. చీలమండ లోతు పాయ దాటితే తిన్నె. చంద్రుడు లేడు. అవతలి ఒడ్డున ఎక్కడో ఒక దీపం... అదీ కాసేపటికి ఆరిపోయింది. కరెంటు కోత కాబోలు.

కరిముల్లా సంచి విప్పి హుకుం జారీచేశాడు. ఒంటి మీద లోహమన్నది ఉండకూడదు. మాస్టారు వాచీ, స్కూటరు తాళాలు, జేబులో చిల్లర తీసి ఆ సంచిలో పడేశాడు. శివపార్వతి గాజులు, పిన్నీసులు తీసి కొంగున ముడేసి, ఆ ముడిని బొడ్లో దోపింది. తాళి జాకెట్టు లోపలికి వేసుకుంది. అంత ఎత్తున ఉన్నది పళ్ళేనికి అందదు, ఫర్వాలేదన్నాడు కరిముల్లా. తవ్వడానికి తెచ్చింది కూడా స్నానాలగదిలో ప్లాస్టిక్ మగ్గే.

ఆరోజు కూర్చున్నచోటు మాస్టారు గుర్తుపట్టాడు. దగ్గరలో బోర్లించిన పాత పడవ ఒకటుంది, అదే ఆనవాలు. శివపార్వతి పక్కనే నిలబడి ప్లాస్టిక్ టార్చి పట్టుకుంది. కరిముల్లా పళ్ళెం ఇసుకకి ఆనీ ఆననట్టు ఊపాడు.

నిశ్శబ్దం... నిశ్శబ్దం...

కుయ్ —

"వెండో బంగారమో. డౌటే లేదు," గుసగుసలాడాడు కరిముల్లా.

శివపార్వతి పక్కకి జరిగింది. మాస్టారు మోకాళ్ళ మీద కూలబడి మగ్గుతో తోడాడు. మోచేతి లోతు పోయింది. ఇసుక. ఇంకా తోడాడు. తడి ఇసుక. నీళ్ళు ఊరాయి. ఏమీ లేదు.

కరిముల్లా గుంటలో పళ్ళెం పెట్టాడు. చప్పుడు లేదు. తోడిపోసిన కుప్ప మీద పెట్టాడు. అక్కడా లేదు.

"ఇప్పుడేగా కూసింది..."

చేయి అటు తిప్పాడో లేదో — కుయ్ — నాలుగడుగుల అవతల.

అక్కడా తవ్వారు. తవ్వుతుంటే లేదు. తవ్వడం ఆపి చూస్తే ఇంకోచోట... కుయ్.

"మాస్టారూ," అన్నాడు కరిముల్లా మెల్లగా. "ఇన్నేళ్ళ సర్వీసులో చూడలేదు. ఇది... నడుస్తా ఉంది."

ముగ్గురూ దగ్గర దగ్గరగా జరిగారు. కుయ్ అంది మిషను, వాళ్ళ మధ్యలోనే.

కరిముల్లా పెదవులు కదుపుతూ దువా మొదలెట్టాడు. మాస్టారికి ఒకటి గుర్తొచ్చింది. చిన్నప్పుడు పెన్నుగానీ పలకగానీ ఎక్కడపడితే అక్కడ పారేస్తే నాన్న దాచేసేవాడు. వెతకరా అనేవాడు. వెతుకుతుంటే తాను మంచం మీద కూర్చుని, దొరికేలా ఉందనిపించగానే తీసి ఇంకోచోట పెట్టేవాడు. ఏడిస్తే తప్ప ఇచ్చేవాడు కాదు.

"నాన్నగారూ..." అన్నాడు మాస్టారు.

ఏమీ లేదు. నీటి చప్పుడు.

"మీరేనా?"

ఆ మాటకి శివపార్వతి హడలిపోయి మొగుడి పక్కకి వచ్చేసింది. కుయ్.

మాస్టారు ఆగలేదు. "కోపమొచ్చిందా నాన్నగారూ? అమ్మని బాగానే చూసుకుంటున్నాం. మోకాళ్ళ నొప్పులకి మందు మార్పించాం. మీ సైకిలు అమ్మెయ్యమన్నారు అందరూ, నేను అమ్మలేదు. ఆదివారం ఆదివారం తుడుస్తున్నా. పిండం ఎందుకు ముట్టలేదు మీరు? నేనేం తక్కువ చేశాను?"

కుయ్... కుయ్...

బతికుండగా తండ్రితో అన్ని మాటలు మాట్లాడి ఎరగడు ఆయన. పిండం పెట్టినరోజు కూడా పురోహితుడు చెప్పమన్నవి చెప్పాడు తప్ప, తనవి ఒక్కటీ చెప్పలేదు. ఇప్పుడు చీకట్లో, ఇసుకలో, ముక్కు ఎగబీల్చుకుంటూ చెప్పుకుపోతున్నాడు. చెల్లెలి కాన్పు సంగతి చెప్పాడు. బడిలో హెడ్మాస్టరు పెట్టే చికాకు చెప్పాడు. మిషను ఒకసారి పలుకుతోంది, ఒకసారి పలకడం లేదు. తండ్రీ అంతే, బతికున్నప్పుడు కూడా.

ఇంతలో శివపార్వతి పాదాన్ని చిన్న పీత ఏదో గిల్లింది. చటుక్కున కాలు ఎత్తింది.

కూత ఆగింది.

కాలు దించింది. కుయ్.

"ఏమండీ," అందావిడ మెల్లగా. "భాయ్, ఆ పళ్ళెం అక్కడే ఉంచండి, కదపొద్దు."

కాలు ఎత్తింది. నిశ్శబ్దం. దించింది. కుయ్. రెండోకాలు ఎత్తి దించింది. కుయ్. టార్చి తన పాదాల మీదికే తిప్పుకుంది.

ఇసుకలో తళుక్కుమన్నాయి వెండి మెట్టెలు.

ఆవిడ పట్టీలు ఇంట్లోనే తీసిపెట్టి వచ్చింది. జడలో పిన్నులు కూడా తీసింది. మెట్టెలు మాత్రం ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు. పెళ్ళిపీటల మీద తొడిగిన రోజునుంచీ ఆ వేళ్ళకున్నాయి, గోళ్ళలాగే. ఇది వెండి కదా అని ఎవరనుకుంటారు? ఆవిడ నిలబడ్డచోటల్లా కూసింది, తవ్వుకోమని పక్కకి జరిగితే కూత కూడా ఆవిడతోపాటే జరిగింది.

"నా ఇంట్లో ముగ్గురు ఆడోళ్ళున్నారు, రోజూ చూస్తానే ఉంటా," అంటూ కరిముల్లా ఇసుకలో చతికిలబడి, పొట్ట పట్టుకుని నవ్వాడు. "నా సర్వీసంతా మీ కాళ్ళకింద పోసేశానమ్మా."

శివపార్వతికి నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. మెట్టెలు తీస్తే సరిపోతుంది కదా అని మాత్రం ఎవరూ అనలేదు. ఆవిడే వెళ్ళి బోర్లించిన పడవ మీదెక్కి, కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుంది.

మళ్ళీ మొదలెట్టారు. ఇప్పుడు మిషను బుద్ధిగా ఉంది. ఒక రూపాయి బిళ్ళ దొరికింది. తర్వాత రాగి కుంకుమభరిణె మూత ఒకటి. తర్వాత, మొదటి గుంటకి బారెడు దూరంలో, సన్నగా, కదలకుండా, ఒకేచోట — కుయ్.

మగ్గు రెండుసార్లు తోడగానే వచ్చింది. చుట్టిన దారం నల్లబడిపోయింది. ఉంగరం మాత్రం అలాగే ఉంది.

మాస్టారు దాన్ని పంచెతో తుడిచి, తీసుకెళ్ళి భార్య చేతిలో పెట్టాడు. ఆవిడ కళ్ళకద్దుకుని కొంగున ముడేసుకుంది. ఇక అమ్మ మొహం చూడగలడు. కంసాలి కథ ముగిసింది. గుండెమీది బరువు దిగిపోయింది.

దిగిపోయింది గానీ... ఆయనకి దిగులు పుట్టింది. మరి ఇందాకటినుంచీ తను మాట్లాడింది ఎవరితో? మెట్టెలతోనా? ఉంగరం ఎవరూ తీసుకోలేదు, వదులై జారిపోయింది, అంతే. కోపగించుకోవడానికైనా నాన్న రాలేదన్నమాట. ఉంగరం దొరికిన సంతోషంలో నాన్న రెండోసారి పోయినట్టయింది ఆయనకి.

"ఒకసారి అది ఇలా ఇస్తారా?" అన్నాడు కరిముల్లాతో.

మిషను తీసుకుని, ఇందాక నాన్నతో మాట్లాడినచోటికి ఒక్కడే వెళ్ళాడు. అక్కడో గుంట ఉంది. మోచేయి దాటిన లోతు తవ్వి, ఏమీ లేదని అందరూ కలిసి తేల్చిన గుంట. ఒంటి మీద లోహం లేదు. ఉంగరం శివపార్వతి దగ్గరుంది. శివపార్వతి దూరంగా పడవ మీదుంది.

"నాన్నగారూ," అన్నాడు, తనకే వినపడనంత మెల్లగా. "పోనీ, ఇప్పుడైనా... సంతోషమేనా?"

పళ్ళెం గుంటమీద ఊపాడు.

కుయ్.

పడవమీద శివపార్వతి కాళ్ళు ఇంకా దగ్గరికి ముడుచుకుంది. కరిముల్లా నవ్వు ఆగిపోయింది. మాస్టారు ఇంకోసారి ఊపాడు. కుయ్... సన్నగా, నిలకడగా.

కరిముల్లా దగ్గరికొచ్చాడు. "పక్కనుంచి ఏ చిల్లరబిళ్ళో జారి పడుంటది మాస్టారూ. తవ్వి చూద్దామా?"

మాస్టారు మిషను కట్టేశాడు. వంగి, రెండు చేతులతో ఇసుక లాగి గుంట పూడ్చాడు. పైన అరచేత్తో చదును చేశాడు.

"వద్దండీ," అన్నాడు.