ఫుట్‌పాత్ మీద ముగ్గురు

"నడిచేవాళ్ళ సర్వే అని వీపు మీద రాసుకుని, నడిచేవాళ్ళ కాళ్ళకే అడ్డం పెట్టారేంటండీ?"

కెమెరాలోకి చూస్తున్న ఇంజనీరు ఉలిక్కిపడి లేచాడు. స్టాండు కాలు తగిలి తూలిన పెద్దాయనను ఒకమ్మాయి పట్టుకుని నిలబడి ఉంది.

"సారీ అండి, చూసుకోలేదు."

"నేను కళ్ళజోళ్ళ షాపులోనే పనిచేస్తాను. రండి, ఊరికే కళ్ళు పరీక్ష చేసిపెడతా."

ఆమె తండ్రి నవ్వాడు. పక్షవాతం వచ్చాక ఆయన పెదవి ఒకవైపే కదిలేది. అయినా ఆ నవ్వు నిండుగా ఉంది.

నష్టపరిహారంగా అన్నట్టు ఇంజనీరు లాప్‌టాప్ తెరిచి చూపించాడు. తెర మీద చుక్కలు బిలబిలా పోతున్నాయి. ఒక్కో చుక్క ఒక్కో మనిషి. కార్ల పార్కింగ్ కోసం ఈ ఫుట్‌పాత్‌ని సగానికి కోస్తే జనం ఇరుక్కుంటారో లేదో తేల్చడం అతని పని.

"వీటిలో మా నాన్న ఏది?"

"ఆయనలాంటివాళ్ళని ఇంకా పెట్టలేదండి."

"పెట్టలేదా, తీసేశారా?"

అతను తల దించుకున్నాడు. "తీసేశాను. మరీ నెమ్మదిగా నడిచేవాళ్ళుంటే లెక్క కుదరదని."

అబద్ధమాడతాడనుకున్న ఆమెకు కోపం సగం దిగింది. "రేపు సాయంత్రం మాతో నడవండి. అప్పుడు చూద్దాం ఏది కుదరదో."

నడిచాడు. పెద్దాయన గోడ వైపే ఎందుకు నడుస్తాడో, ఊపిరి కోసం ఆగితే వెనకవాళ్ళు రోడ్డు మీదికి ఎలా దూకుతారో కళ్ళారా చూశాడు. ఒకరోజు వాన పట్టుకుంది. ఇద్దరూ తమ గొడుగులు పెద్దాయన మీదే పట్టారు. ఆయన పొడిగా ఉన్నాడు, వీళ్ళిద్దరూ ముద్దయ్యారు.

"మీరు తడుస్తున్నారు," అందామె.

"మీరూనూ," అన్నాడు. చూపు తిప్పుకోవడం మాత్రం ఇద్దరూ మరిచారు.

"సర్వే అయిపోయిందన్నావుగా, బాబూ?" అన్నాడు పెద్దాయన.

"అయిపోయిందండి."

"మరి?"

"నడక అలవాటైందండి."

నెమ్మది చుక్కలు కలిపాక తెర మీద సగానికి కోసిన ఫుట్‌పాత్ జనం ఇరుక్కున్న గుర్తుగా ఎర్రబడింది. పై ఆఫీసరు మొహం చిట్లించాడు. "ఒక్క ముసలాయన కోసం ప్లాను మార్చాలా?"

"ఒక్కరు కాదు సార్. ఆ వీధి చివర ఆస్పత్రి ఉంది. అక్కడికి వెళ్ళేవాళ్ళంతా ఇలాగే నడుస్తారు. నేను వాళ్ళను చూడకుండా లెక్క కట్టాను. తప్పు నాది."

ఉద్యోగానికి ఎసరు వస్తుందనే అనుకున్నాడు. ఆఫీసరు తెర వంక చాలాసేపు చూసి, పార్కింగ్‌ని వెనక వీధికి మార్చమన్నాడు. ఫుట్‌పాత్ బతికింది. గోడవారగా బల్లలు కూడా పడ్డాయి.

మొదటి సాయంత్రం పెద్దాయన ఒక బల్ల మీద కూర్చుని అతని చేయి పట్టుకున్నాడు. "జబ్బు చేశాక అందరూ నాకు దారి ఇచ్చి తప్పుకున్నారు, బాబూ. నువ్వు పక్కన నడిచావు. నీ మేలు మరిచిపోను."

"మేలు మీరు చేశారండి. మనుషుల్ని చూడ్డం నేర్పారు." అతను పక్కనే నిలబడ్డ ఆమె వైపు చూశాడు. "ఇంకొకటి అడగాలి."

"నన్నా, దాన్నా?"

"ముందు మిమ్మల్నే."

"నన్నెందుకు? షాపులో అందరికీ నువ్వు మా అల్లుడివని ఎప్పుడో చెప్పేసింది."

ఆమె చెంపలు కందిపోయాయి. "ఆయనే అడుగుతారని ఆగాను నాన్నా," అంది, అతని పక్కన కూర్చుంటూ. "ఈయన మీకన్నా నెమ్మది."