మాఫీ ఫారం

స్కూటర్ గోడను రాసుకుంటూ పోయింది.

మోచేయి దోక్కుపోయింది. ఆమె ఆగలేదు. ఆగితే అయిపోయినట్టే.

వెనక బైకు. దాని మీద ఇద్దరు. లైటు ఆర్పేసి వస్తున్నారు...

రాత్రి ఎనిమిదిన్నర. సందుల్లో షట్టర్లు దిగుతున్నాయి. ఆమె పన్నుల ఆఫీసులో గుమాస్తా. భుజాన సంచి. సంచిలో ఆఫీసు ముద్రలు, ఒకే ఒక్క ఫారం.

పెద్దకాటాది.

ఊళ్లో రాగి గోదాములన్నీ పెద్దకాటా అనే వ్యాపారివే. బిల్లు లేకుండా సరుకు తోలడంలో ఆయన్ని మించినవాడు లేడు. కిందటి నెల సభలో మాఫీ చట్టం పాసైంది. ఎగ్గొట్టినదంతా ఒప్పుకుని ఫారం రాసిస్తే పన్ను లేదు, జైలు లేదు. రాయనిది మాఫీ కాదు. గడువు ఈ రాత్రి తొమ్మిది.

అందుకే పెద్దకాటా ఒక్క లోడు కూడా వదల్లేదు. తన చేత్తోనే అరవై వరసలు రాసి, సాయంత్రం ఆమె కౌంటర్లో ఇచ్చాడు.

నలభై ఒకటో వరస దగ్గర ఆమె వేలు ఆగిపోయింది.

ఆ తేదీ. ఆ లారీ. చెక్‌పోస్టు మీదుగా రాగి తీగ.

మూడేళ్ల కిందట అదే రాత్రి, అదే చెక్‌పోస్టులో, ఆపమని చెయ్యెత్తిన ఆమె అన్నయ్యను లారీ తొక్కేసింది. గుర్తు తెలియని వాహనం అన్నారు పోలీసులు. తన లారీ షెడ్డు దాటలేదని ఒట్టేశాడు పెద్దకాటా. పోయినవాడి ఉద్యోగం చెల్లెలికిచ్చి చేతులు దులుపుకుంది ఆఫీసు.

ఇప్పుడేమో పన్ను మిగులుతుందని వాడే రాసిచ్చాడు!

సార్ సంతకం తెస్తాను, కూర్చోండని చెప్పి ఆమె వెనక గుమ్మంలోంచి బయటపడింది.

స్కూటర్ ఒక గేటు ముందు పడిపోయింది. ఆమె లేచి పరుగెత్తింది.

తలుపు తీసింది బావ. అక్క మొగుడు. శాసనసభ్యుడు. ఆయన ఫోన్ చేస్తే తప్ప స్టేషన్లో ఎవరూ కుర్చీలోంచి లేవరు.

మాఫీ చట్టం కోసం గొంతు చించుకున్నదీ ఆయనే. ఏడాదిగా ఇద్దరికీ అదే గొడవ. దాడుల పేరుతో చిన్న కొట్లవాళ్లను పీక్కుతింటున్నారు, ఒక్కసారి తుడిచేస్తే అందరూ దారికొస్తారని ఆయన. నిక్కచ్చిగా కట్టినవాణ్ణి వెర్రివాణ్ణి చేశావని ఆమె.

బావ ఫారం చదివాడు. నలభై ఒకటో వరస మళ్లీ చదివాడు.

"చెల్లదు మరదలా. ఫారంలో రాసింది ఇంకే కేసులోనూ సాక్ష్యం కాదు. ఆ ముక్క నేనే పెట్టించాను. లేకపోతే ఎవడు నిజం రాస్తాడు?"

"ముద్ర పడితేనే కదా బావా అది ఫారం. అందాకా అది వాడి దస్తూరీలో వాడు రాసుకున్న ఉత్తరం."

బావ కాగితం తిప్పి చూశాడు.

ముద్ర లేదు.

ఫోన్ వైపు చెయ్యి చాచాడు...

తలుపు ధడేల్‌మంది.

పెద్దకాటా. చేతిలో పిస్టల్. బైకు తోలినవాణ్ణి గేటు దగ్గర కాపలా పెట్టి వచ్చాడు.

"ఏం పాపా, కౌంటర్ వదిలేసి షికారుకొచ్చావా?"

ఎనిమిది యాభై. వాడు ఆ కాగితం చించేయొచ్చు. చించితే మాఫీ పోతుంది. ముద్ర పడిందా... పన్నూ పోతుంది, హత్యా పోతుంది.

వాడికి రెండూ కావాలి.

"వెయ్యి ముద్ర."

బావ అడ్డం రాబోయాడు. పెద్దకాటా నవ్వాడు.

"మీ చట్టమే కదా నాయకుడుగారూ. నాలాంటివాళ్ల కోసమేగా రాశారు."

బావ ఒక అడుగు వెనక్కి వేశాడు.

ఆమె సంచిలోంచి ముద్ర తీసింది. ఆఫీసులో వదిలితే ఎవడైనా వాడుకుంటాడని కౌంటర్ గుమాస్తాలు ముద్రలు వెంటే ఉంచుకుంటారు.

టప్.

పెద్దకాటా కాగితాన్ని లైటు కిందికి లాక్కున్నాడు.

ఎర్రటి అక్షరాలు.

తిరస్కరించడమైనది.

"ముద్రలు రెండుంటాయి సార్," అంది ఆమె. "ఏది వెయ్యాలో మీరు చెప్పలేదు."

పిస్టల్ లేచింది!

బావ దూకాడు. కుర్చీ విరిగింది. ఇద్దరూ నేల మీద... పిస్టల్ జారి ఆమె కాలి దగ్గర ఆగింది.

ఆమె అందుకుంది.

పెద్దకాటా మోకాళ్ల మీద లేచి చేతులెత్తాడు. పన్ను మొత్తం కట్టేస్తానన్నాడు. అపరాధం కూడా కడతానన్నాడు. అన్నయ్య మాట మాత్రం ఎత్తలేదు.

బావ రొప్పుతున్నాడు.

"వద్దు మరదలా... కాగితం ఉంది. నేను సాక్షిని. వీణ్ణి ఉరికంబం దాకా నేనే లాక్కెళతా. చట్టం ఉంది."

ఆమె బావ వైపు చూడలేదు.

"రేపు దీనికీ మాఫీ రాస్తారు బావా."

ఢాం!