తడిగుడ్డ పాఠం

…అయినా వయసు వచ్చేది మనిషికేగాని చేతులకు కాదేమో అనుకుంది మస్తాన్‌బీ. అరవై ఆరేళ్ల తన చేతులు ఇక్కడ స్టీలు గ్లాసు పట్టుకుని కూర్చున్నా, అవే చేతులు ఈ క్షణాన ఎన్ని వేల బళ్లలో పనిచేస్తున్నాయో! పెట్రోలు తాగే ప్రతి పాత బండిలో, ఇంజను పక్కన, అరచేతంత దర్శిని మిషను ఉంటుంది. బండి ఊపిరి తీసే తీరు, వదిలే తీరు అది కనిపెడుతూనే ఉంటుంది. బాగుంటే రోడ్డెక్కొచ్చని నెలనెలా శ్వాసపత్రం ఇస్తుంది. బాగుపడదనుకుంటే ఆ రోజే బండిని, రేకులు నలిపి ముద్ద చేసే నలుగుడు యార్డుకు రాసేస్తుంది. మెకానిక్కు అన్న మాట ఊళ్లో వినపడక ఇరవై ఏళ్లయింది. ఆ దర్శినికి చదువు చెప్పింది మాత్రం బెజవాడ ఆటోనగర్ మస్తాన్‌బీ. రోజూ టీ తాగుతూ ఆ సంగతిని ఒకసారి పైకి తీసి, తుడిచి, మళ్లీ లోపల పెట్టుకుంటుంది. దాన్ని గర్వమంటారని ఆమెకు తెలుసు. వదులుకోవాలని ఎన్నడూ అనిపించలేదు.

షెడ్డు గోడ మీద అద్దాల పెట్టెలో ఆనాటి స్పర్శతొడుగు వేలాడుతోంది. వేళ్ల కదలిక, వేడి, అదురు, కంటి ముందు జరిగేదంతా పట్టుకుని దర్శినులన్నిటికీ చేరవేసే తొడుగు అది. మణికట్టు దగ్గర పచ్చదీపం ఇప్పటికీ వెలుగుతోంది. కింద రాగిరేకు మీద అక్షరాలు: 'ఆదిగురువు'.

బయట ఒక బండి దగ్గి ఆగింది. నెత్తిన రెండు మైకులు, పక్కన 'హోసన్నా బ్యాండు' అని వెలిసిన రంగు. క్లారినెట్టు వాయించే సాల్మన్ దిగాడు.

"అక్కా, మా నాన్న బండికి చావు రాసింది మీ దర్శిని."

"ఏమని?"

"కన్వర్టర్ పోయిందంట. ఇప్పుడు ఆ సామాను ఎవరూ చెయ్యట్లేదంట. సాయంత్రం అయిదుకి యార్డోళ్లు వస్తారంట. రేపు పటమటలో పెళ్లి. డ్రమ్ములు నెత్తిన మోసుకుని పోవాలా?"

"రీడింగు చూపించు."

తెర మీద రెండు గీతలున్నాయి. ఇంజను నుంచి వచ్చే గొట్టంలో కన్వర్టర్‌కు ముందు ఒక ఆక్సిజన్ సెన్సర్, వెనక ఒకటి. ముందుది ఎప్పుడూ గంతులేస్తుంటుంది. కన్వర్టర్ పొగను శుభ్రం చేస్తున్నంత కాలం వెనకది నింపాదిగా ఉంటుంది. ఈ బండిలో వెనకది కూడా ముందుదానిలాగే ఎగిరెగిరి పడుతోంది. అంటే మధ్యలో కన్వర్టర్ ఉన్నా లేనట్టే. ఈ మాట దర్శినికి ఆమే నేర్పింది.

"సరిగ్గానే చెప్పింది" అంది. తన పాఠం తప్పులేకుండా ఒప్పచెప్పిన శిష్యురాలిని చూసినంత సంతోషం కలిగింది. "అది చెప్పిందంటే నేను చెప్పినట్టే సాల్మనూ."

"అయితే మీరే ఓసారి చెప్పండి, నోటితో. దానికి దండం పెడితే వినట్లేదు. మీకు పెడితే కనీసం తిడతారు."

"నువ్వు తిట్లు తినడానికొచ్చావా?"

"బండి దక్కితే ఎన్నయినా తింటానక్కా. నాన్న పోయాక ఆయన వాసన ఇందులోనే మిగిలింది."

ఆమె నవ్వింది. నవ్వుతూనే లేచింది. చూస్తే పోయేదేముంది, తన పాఠం సరైనదేనని తనకే మళ్లీ రుజువవుతుంది. ఆగిన ఇంజనును మళ్లీ స్టార్టు చేయించింది. ఆలోచించకుండానే చెయ్యి పక్కనున్న బకెట్టులోకి పోయింది. తడిగుడ్డ పిండి, సైలెన్సర్ మూతికి అడ్డం పెట్టి అదిమింది. పని మానేసి ఇన్నేళ్లయినా చెయ్యికి వరస గుర్తుంది: మిషను చూసేముందు తడిగుడ్డ. ఆటోనగర్‌లో అది ముఖం కడుక్కోవడం లాంటిది. ఎవరూ దాన్ని పని అనుకోరు.

దారి మూసుకున్న పొగ కింద ఎక్కడో 'సుయ్' మంది.

ఆమె చెవి రిక్కించింది. గుడ్డ తీసింది. మళ్లీ పెట్టింది. మళ్లీ 'సుయ్'.

"పామా అక్కా?"

"నోరుముయ్. సబ్బునీళ్లు పట్రా."

కన్వర్టర్‌కూ వెనక సెన్సర్‌కూ మధ్య జాయింటు మీద నురగ పోస్తే బుడగలు పుట్టాయి. అక్కడ సందు లేకుండా వేసే ప్యాకింగు రేకు చిట్లింది. మూతికి గుడ్డ లేనప్పుడు, ఇంజను కొట్టుకున్నప్పుడల్లా ఆ సందులోంచి బయటి గాలి లోపలికి పోతోంది. ఆ గాలిని చూసి వెనక సెన్సర్ గంతులేస్తోంది. ఇంజను ఆపి, గొట్టం చల్లబడనిచ్చి, ప్యాకింగు రేకు కత్తిరించి వేసి, బోల్టులు బిగించింది. బండి తిప్పాక, కన్వర్టర్ వేడెక్కేసరికి రెండో గీత నెమ్మదిగా సద్దుకుని నీటి మీద దారంలా నిలిచింది. శ్వాసపత్రం వచ్చింది.

"అంటే దర్శినికి బుర్ర లేదన్నమాట!" సాల్మన్ బానెట్టును ముద్దుపెట్టుకున్నాడు.

మస్తాన్‌బీ చేతుల మసి గుడ్డకు తుడుచుకుంది. ఇరవై రెండేళ్ల కిందట దర్శినికి పాఠం చెప్పిన గది గుర్తొస్తోంది. ఎనిమిది నెలలు. 'తొడుగు తడవనివ్వకండమ్మా, తడిస్తే పది నిమిషాల్లో చచ్చిపోతుంది' అని తొడుగు తెచ్చిన ఇంజనీరు పిల్ల రోజూ చెప్పేది. అందుకని తను తడిగుడ్డ పని ముందే, గది బయట, ఉత్త చేతులతో ముగించేది. కారుతున్న జాయింటు ఉంటే అక్కడే బిగించి, ఆ తర్వాతే తొడుగు వేసుకుని బండిని లోపలికి తోయించేది. గురువుగా అది తన శుభ్రం. శిష్యురాలు మాత్రం జాయింటు కారే బండిని ఒక్కదాన్నీ చూడలేదు. గీత గంతులేస్తే కన్వర్టర్ చచ్చిందనే తప్ప ఇంకో మాట దానికి తెలియదు.

ఏటవతల యార్డులో నలిగిన రేకుల గుట్టలు ఆమె కళ్లముందు ఒక్కొక్కటిగా లేచాయి. అందులో చావనివి ఎన్ని? ఒక్కో దాంట్లో ఎవరి నాన్న వాసన ఉందో? తను రోజూ తుడుచుకుని లోపల పెట్టుకున్న వస్తువుకు వెనకవైపు ఇంత మసి ఉందని ఎవరూ చెప్పలేదు. చెప్పడానికి తడిగుడ్డ పెట్టేవాళ్లు ఊళ్లో మిగల్లేదు.

"ఊరంతా చెబుతానక్కా, మిషను తప్పు పట్టిన మనిషి మీరని!"

ఆ మాటకు ఒక్క క్షణం లోపల వెచ్చగా అనిపించింది. ఊరుకుంటే చాలు. బండి దక్కింది. ఇంకెవరికీ తెలియదు.

"దాన్నేమీ అనకు" అంది చివరికి. "అది నా దగ్గర చదువుకున్న పిల్ల. నేర్పినంతా అక్షరం పొల్లుపోకుండా నేర్చుకుంది. తప్పు నాది."

"మీదేంటి?"

"కారే జాయింటు దానికి చూపించలేదు నేను. పాఠం మళ్లీ చెప్పాలంటే, దర్శిని చేసినవాళ్లు 'పూర్వ పాఠం లోపం' అని రాస్తారు. గోడ మీది ఆ రాగిరేకు వెనక్కి తీసుకుంటారు."

సాల్మన్ గోడవైపు చూశాడు. "మరి ఎందుకక్కా? ఉండనీరాదా?"

"ఇంకా బతికున్న బళ్లున్నాయి కాబట్టి."

చెప్పాక, గర్వం పోలేదని గమనించి ఆశ్చర్యపోయింది. అది రాగిరేకు మీది నుంచి దిగి చేతుల్లోకి వచ్చి కూర్చుంది. స్క్రూలు విప్పి అద్దం తీసింది. తొడుగు బిగుతుగానే పట్టింది. మణికట్టు దగ్గర పచ్చదీపం చూపులా నిలబడి ఉంది.

"ఇప్పుడే వేసిన ప్యాకింగు ఊడదియ్యి సాల్మనూ. కంగారుపడకు, మళ్లీ వేస్తా. ఆ కారడం దర్శిని చూడాలి. పది నిమిషాలు చాలు."

గొట్టం చల్లారాక అతను బండి కిందికి దూరాడు. బోల్టులు ఊడి, మళ్లీ బిగిసిన చప్పుడైంది. "స్టార్టు చేయనా?" అని సీట్లో కూర్చుని అరిచాడు.

"చెయ్."

మస్తాన్‌బీ తొడుగుతో సహా చేతిని మణికట్టు దాకా బకెట్టులో ముంచి, తడిగుడ్డ పైకి తీసింది.