నీళ్ల మీద తిరిగిన తెల్ల పలుకు

ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు పోయే దారిలో ఒక ఆడపిల్లల జూనియర్ కాలేజీ ఉంది. దాని వెనక ఉన్న కెమిస్ట్రీ ల్యాబు వైపు పొద్దు గూకితే ఎవరూ పోరు. ఎప్పుడో చనిపోయిన అటెండరు శేషప్ప ఇంకా అక్కడే సీసాలు కడుగుతున్నాడని చెప్పుకుంటారు. ఆ గలగల కొందరు విన్నారు. విననివాళ్లు ఇంకా బాగా చెబుతారు.

ఈసారి ప్రాక్టికల్ పరీక్ష ఆ గదిలోనే పడింది. "మేము రాము సార్" అని పిల్లలు మొండికేశారు. రాకపోతే సున్నా మార్కులు. అప్పుడు లెక్చరరు పవమాన్ మీసం మెలేశాడు — మీసం లేదు గానీ, ఉందనుకుందాం.

"దెయ్యమైతే దానికి రంగుండల్ల, వాసనుండల్ల, బరువుండల్ల. ఏదీ లేనిదానికి భయమెందుకమ్మా? ఈ రాత్రి నేనొక్కణ్ణే ఆడ కూర్చుంటా. నాకేమీ కాకపోతే మీరు పరీక్షకు రావల్ల."

పని కూడా ఉంది లెండి. సీసాల మీది పేర్లను చెదలు తినేశాయి. ఏ తెల్లపొడి ఏదో తెల్లారేలోగా తేల్చాలి.

ఉప్పు తేలింది. పటిక తేలింది. మూడో సీసాలో తెల్లటి పలుకులు... రంగు తెలుపు. వాసన చూశాడు — ఏమీ లేదు. ఇక నీళ్లలో కరుగుతుందా?

కరెంటు పోయింది.

"ఇంతేనా శేషప్పా?" అని నవ్వాడు. ఆ నవ్వు అతని చెవికే బాగాలేదు. ఫోను లైటు వేసి, బీకరు నీళ్లలో రెండు పలుకులు వేశాడు.

కరగలేదు. మునగలేదు. తేలాయి... తేలి, ఒకటి కదిలింది.

గాలి లేదు. కిటికీలు మూసే ఉన్నాయి. బల్లను తను ముట్టుకోనేలేదు. పలుకు గిర్రున తిరిగి, బీకరు అంచుదాకా పోయి, ఆగి... వెనక్కి, అతనివైపే వచ్చింది.

"ఎ... ఎవరు?"

రెండో పలుకు మొదటిదాన్ని తరమడం మొదలుపెట్టింది.

ఆపైన జరిగింది వాచ్‌మన్ ఉరుకుందు చెబితేనే వినాలి. సారు ఒంటికాలి చెప్పుతో వచ్చినాడంట. "ఉండాడు ఉరుకుందూ... శేషప్ప ఉండాడు!" అన్నాడంట. స్కూటరు స్టార్టు చేయడం మరిచి, గేటుదాకా తోసుకుంటూనే పరిగెత్తినాడంట.

ఇంట్లో భార్య గిరిజ తలుపు తీసింది.

"ఏమండీ, గుడికి పోయొచ్చినారా?"

"గుడికా? ఎందుకు?"

"చేతులు, చొక్కా అంతా కర్పూరం వాసనొస్తాంది."

పవమాన్ గడపలోనే కూలబడ్డాడు. కర్పూరం! నీళ్లలో వేస్తే తనంతట తానే తిరుగుతుందని ఏటేటా పాఠం చెప్పేది తనే. పైగా మంత్రాలయం దగ్గర తాతముత్తాతలంతా గుళ్లో హారతి పట్టినవాళ్లు. ఆ ఇంటి బిడ్డ కర్పూరాన్ని పట్టుకుని దెయ్యమన్నాడు! సిగ్గుతో సగం చచ్చాడు పాపం.

"మరి నాకు వాసన రాలేదే..." అని గొణిగాడు.

"పడిశం పట్టింది గదా మీకు! పొద్దున మాడిన పప్పును బాగుందని రెండుసార్లు పెట్టించుకున్నారు."

అప్పుడే ఫోను మోగింది. క్లాసు గ్రూపులో శ్రీరక్ష అనే పిల్ల పెట్టింది: "సార్, మీరే పారిపోయినారంట, ఉరుకుందన్న చెప్పినాడు. ఇంగ మేము పరీక్షకు రాము."

పిల్లి మీద పడిందని చెబుదామా అనుకున్నాడు. కుక్క తరిమిందని సగం రాసి, చెరిపేశాడు. తన పరువు ఎటూ పోయింది, పిల్లల మార్కులెందుకు పోవాలి?

"రండమ్మా. ఆడుండేది కర్పూరం. దెయ్యం లేదు," అని రాశాడు. ఆ కిందే ఇంకో ముక్క చేర్చాడు.

"మీ సారుకు పడిశం."