సింహం కంటికి బొట్టు

ఢిల్లీ సార్లూ, ఈ తప్పు ముమ్మాటికీ మీదే! బొబ్బిలి వీణ కొసనుండే సింహం తలను లోగోగా పెట్టుకుని విజయనగరంలో దిగిందొక వీడియోగేమ్ ఏఐ కంపెనీ. మీరు స్థలమిచ్చారు, రిబ్బన్ కత్తిరించారు, పోయారు. ఆ లోగో వెనక ఎవరున్నారని ఒక్కడైనా అడిగాడా? విదేశీ ముఠా ఉందని నిఘా ఏజెంట్ ఈశ్వరి గొంతు చించుకుంది. విన్న నాథుడు లేడు.

ఆయుధపూజ నాడు సాలూరు లారీ స్టాండులో ఆమె పూలమ్మే మనిషి వేషంలో కూర్చుంది. చెవిలో ఇయర్‌పీస్. నల్లకళ్ళద్దాలు, ఖరీదైన సెంటుతో అనిత వచ్చి బుట్ట మీదకి వంగింది. ఆ కంపెనీ డిజైనర్, డబుల్ ఏజెంట్.

"తెల్ల చామంతులున్నాయా?"

"మందారాలే మిగిలాయి."

కోడ్ కలిసింది.

"సింహాన్ని గీసింది నేనే. కన్ను మాత్రం వాళ్ళు మార్చారు. సాయంత్రం నాలుగింటికి గేమ్ అప్‌డేట్. లోగోలో సింహం కన్ను తెరవగానే ఫోన్ కెమెరా కూడా తెరుచుకుంటుంది. టార్గెట్ నేవీ కొత్త డిపో. లోపలికెళ్ళే లారీ ఇదీ."

అనిత చాపిన ట్యాబ్‌లో నంబరు చూసి ఈశ్వరి దాన్ని లాక్కుంది. అన్న సోములు లారీ! వాడి ఫోన్ ఎప్పుడూ డాష్‌బోర్డు మీదే ఉంటుంది, లారీ ఆగితే చాలు ఆ గేమే ఆడుతుంటాడు. డిపో బొమ్మలు అందులోంచి పోతే దేశద్రోహం కేసు వాడి మెడకే.

ఫోన్ చేసింది. ఎత్తలేదు. స్టీరింగ్ పడితే ఫోనెత్తనని వాడి ఒట్టు.

"చీఫ్, డిపో గేటు దగ్గర లారీ ఆపించండి!" ఇయర్‌పీస్‌లో పై అధికారిని వేడుకుంది.

"పైనుంచి ఆర్డర్ రావాలి. ఇవాళ సెలవు కదా."

ఈలోగా వదిన చిన్నతల్లి పూలకొచ్చింది. "ఒసే ఈశ్వరీ! ఏటే యీ యేసం? ఉజ్జోగం ఊడిపోనాదేటి?"

నాలుగైంది. ట్యాబ్‌లో సింహం కన్ను తెరిచింది. సోములు కెమెరా ఆన్ అయింది.

తెరంతా ఎర్రటి చీకటి. ఎంత చూసినా అదే.

"కెమెరా పాడైందా?" అనిత గొణిగింది.

చిన్నతల్లి తొంగిచూసింది. "మీ అన్న ఫోనా? పొద్దున్న పూజలో జాకీకి, పానాకి, ఫోనుకి అన్నిటికీ బొట్టెట్టేను. ఫోనుకి ఒంటికన్ను కనిపించినాది, నిండా మెత్తేను. తుడిసేత్తానన్నాడు. రేతిరి దాకా తీసేవంటే సూడు అన్నాను."

చెవిలో చీఫ్ గొంతు. "గుడ్ వర్క్, ఏజెంట్."

ఈశ్వరి ఇయర్‌పీస్ నొక్కిపట్టింది. "నానేటీ సెయ్యలేదు సార్! రేతిరికి ఆ బొట్టు తుడిసేత్తాడు. మళ్ళీ ఆయుధపూజ వొచ్చే యేడే. ఆ కంపెనీ సర్వర్లు ఇప్పుడే మూయించండి!"