వజ్రమ్మ తలుపు, నరహరి గోడ

"తలుపుది తప్పేం లేదు. తప్పంతా గోడదే."

ఈ మాట మనసులో అనుకున్నాననుకున్నాడు నరహరి. మాస్కు చాటు నుంచి పైకే వచ్చేసింది. వరండాలో కుట్టు మిషన్ ముందు కూర్చున్న సింధూజ చక్రం ఆపింది.

"ఏందో అంటున్నవ్. మళ్లొకపారి అను."

సిరిసిల్ల దిక్కు నుంచి బట్టల మిల్లులకు వలస వచ్చినవాళ్లుండే భేస్తాన్‌లో ఆ గల్లీ తలుపులన్నీ గోధుమ రంగువే. ఈ ఒక్కటే రాణి రంగు. చీరల అంచుల్లో కనబడే ఆ నిండు గులాబీ గల్లీ మొదట్లో నిలబడ్డవాడినైనా పట్టి లాగుతుంది. దాని చుట్టూ ఉన్న వరండా గోడకేమో ఎప్పటిదో వెలిసిపోయిన నీలం. రెండూ మాట్లాడుకోని తోడికోడళ్లలా ఉన్నాయి.

నరహరి పాండేసరలో ఒక డయింగ్ మిల్లులో కలర్ మాస్టర్. బట్టకు ఏ రంగు ఎంత కలపాలో చెప్పేవాడు. మిల్లు నుంచి అతని గదికి దగ్గర దారి వేరే ఉంది. ఏడాదిన్నరగా ఈ దూరపు దారినే నడుస్తున్నాడు.

అది మొదటి లాక్‌డౌన్‌లో మొదలైన నడక. అప్పుడు బట్ట నేసే లూములు బందయ్యాయి. గల్లీలో సగం మంది మూటలు కట్టుకుని ఊళ్ల బాట పట్టారు. సింధూజ తల్లి వజ్రమ్మ మాత్రం, దుకాణాలు రెండు గంటలు తెరిచిన పూట పోయి ఒక రంగు డబ్బా తెచ్చింది. పోయేటోళ్లు పోనీ, మనం ఈడనే ఉన్నమని తెల్వాలె గదా అంటూ తలుపుకు తానే వేసింది. దారిన పోతున్న నరహరిని పిలిచి స్టూలు పట్టుకొమ్మంది. రెండో పక్క పట్టుకున్నది సింధూజ. ఆ పూట మాస్కు పైన అతనికి కనబడినవి రెండు కళ్లే. అవే చాలాయి.

తర్వాతి ఏప్రిల్‌లో వజ్రమ్మ పోయింది. రెండో విడత కరోనా తీసుకుపోయింది. తలుపు మిగిలింది. సింధూజ అప్పటి నుంచి నవ్వగా ఎవరూ చూడలేదు.

ఇప్పుడు దీపావళి ముందర ఊరంతా ఇళ్లకు రంగులు వేసుకుంటోంది. సింధూజ మేనత్త సారక్క భివండి నుంచి ఒక సంబంధం తెచ్చింది. వాళ్లు ఆదివారం చూడడానికి వస్తున్నారు. తలుపును చూసి, ఇది ఇల్లా చీరల దుకాణమా అందట సారక్క. మరునాడే సింధూజ తండ్రి నర్సింగం గోధుమ రంగు డబ్బా కొనుక్కొచ్చాడు. సింధూజ తలుపుకు అడ్డంగా నిలబడింది. చివరికి తండ్రి ఒక మాటకు దిగాడు. శనివారం పొద్దుగూకేలోగా గోడను ఆ తలుపుకు కుదిరేటట్టు చేస్తే సరే, లేకుంటే గోధుమ రంగే.

ఇదంతా సింధూజ ఒక్క గుక్కలో చెప్పేసింది.

"తప్పు గోడదన్నవ్ గదా మాస్టరూ. ఆ తప్పెట్ల పోతదో కూడ నువ్వే చెప్పు."

నరహరి సరేనన్నాడు. సగం దూరం పోయాక గాని తెలిసిరాలేదు, తాను ఒప్పుకున్నదేమిటో. ఇంకొకడు వచ్చి కూర్చుని సింధూజను చూసే వరండాకు తానే రంగు ఎంచాలి.

సోమవారం మిల్లు నుంచి వస్తూ చేతి రుమాలంత బట్టకు చిలకపచ్చ అద్దుకొచ్చాడు. వరండాలో తీగకు క్లిప్పు పెట్టి తలుపు పక్కన వేలాడదీశాడు. బాగుందా అని ఆమె అడిగితే, తడి షేడు పాస్ చెయ్యరాదన్నాడు. తడిలో ముదురుగా ఉన్న బట్ట ఆరితే తేలుతుంది. పొద్దున ఎండలో చూడాలి, మధ్యాహ్నం చూడాలి, సాయంత్రం నీడలో చూడాలి. మిల్లులో అదే పద్ధతి.

మంగళవారం బూడిద రంగు, బుధవారం పసుపు వచ్చాయి. ప్రతిదానికీ రేపు చూద్దాం అనేవాడు. గల్లీ ఆడవాళ్లు తీగను చూసి, మాస్టర్ లంగోటీలు ఆరేస్తున్నడా అని నవ్వుకున్నారు. నర్సింగం లూముల మీద రాత్రి షిఫ్టు చేసి వచ్చి పగలు పడుకునేవాడు. నిద్ర లేచి బయటికొస్తే తీగ కింద వంగి నడవాల్సి వచ్చేది. మాట్లాడే మనిషి కాదాయన. నరహరి తనను మామా అని పిలిస్తే, ఏం పిలగా అని ఊరుకునేవాడు.

నిజానికి ఆ పసుపు కుదరదని మిల్లులోనే తెలుసు నరహరికి. అయినా తెచ్చాడు. బట్ట ఆరే దాకా వరండాలో కూర్చోవచ్చు. ఆమె చీరలకు లేసు కుడుతుంటే సూది కింద బట్ట జరగడం చూడవచ్చు.

బుధవారం నాడు పెళ్లికొడుకు ఎట్లుంటాడని అడిగాడు, దారం ఉండ చుడుతూ, ఊరికే అడిగినట్టు.

"ఫోటో పంపిన్రు. మాస్కు పెట్టుకొనున్నడు."

"మరి ఎట్ల తెలుస్తది?"

"కండ్లు మంచిగనే ఉన్నయి." సింధూజ దారం కొరికింది. "కండ్లు చూసి మనిషిని చెప్పొచ్చంటవా?"

నరహరి దగ్గర జవాబు ఉంది. ఏడాదిన్నరగా ఉంది. చేతిలో దారం ఉండ పెద్దదయిందే గాని జవాబు బయటికి రాలేదు.

గురువారం ఉల్లిపొర రంగు తెచ్చాడు. అది నిజంగానే బాగుంది. సింధూజ దాన్ని తీగ మీంచి తీసి తలుపుకు ఆనించి చాలాసేపు చూసింది. తలుపుకు బ్రష్ గీతలు ఇంకా కనబడుతున్నాయి. అమ్మ చెయ్యి అడ్డంగ పోయేది, అట్ల కాదు నిలువుగ వెయ్యమంటే వినకపోయేది అంది. ఆ గీతల మీద గోధుమ రంగు పడితే అమ్మ రెండోసారి పోయినట్టుంటదని, గొంతు మారకుండానే అంది. నరహరి ఆ మాటకు లేచి నిలబడ్డాడు. సెలవు పెట్టి శనివారం తానే గోడ వేస్తానన్నాడు.

శనివారం పొద్దున ఒక బకెట్ తెల్ల పెయింటు, రంగు ట్యూబులు తెచ్చాడు. సగం తెలుపు వేరే బకెట్‌లో పోసి ఉల్లిపొర రంగు కలిపాడు. గోడకు పెయింటు వెయ్యడం అతనికి అదే మొదలు. చెయ్యి మాత్రం పదేళ్ల మిల్లు చెయ్యి. ఆరితే తేలుతుంది గదా అని రెండు షేడ్లు ముదురుగా కలిపింది. గోడంతా వేసేసరికి పది దాటింది.

పెయింటు బట్ట కాదు. ఆరుతున్న కొద్దీ తేలలేదు, చిక్కబడింది. పన్నెండుకు ఇటుక రంగయింది. మూడింటికి గోడంతా ఉడికిన కార్జం ముక్కలా తయారై, రాణి తలుపు దాని మధ్యలో దిక్కులు చూస్తోంది.

నరహరి బ్రష్ పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. సింధూజ మిషన్ దగ్గర్నుంచి లేచొచ్చింది. గోడను చూసింది. నరహరిని చూసింది. ఏదో అనబోయి, నవ్వింది. ఆపుకోబోయింది, ఆగలేదు. మాస్కు జారి గడ్డం కిందికి పోయింది. నవ్వి నవ్వి అరుగు మీద కూర్చుండిపోయింది, కళ్లనీళ్లు కారుతుంటే తుడుచుకోను కూడా లేదు. ఆమె నవ్వు మొహం నరహరి చూడడం అదే మొదటిసారి.

"వారం రోజులు తడి షేడు పాస్ చెయ్యరాదని నన్ను చంపుకతిన్నవ్," అంది ఊపిరి తీసుకుంటూ. "ఇయ్యాల గోడంత ఒక్కపారే ఎట్ల వేసినవ్?"

"ఆదివారం దగ్గరికొచ్చింది. చెయ్యి ఆగలే."

ఆమె నవ్వు మెల్లగా సర్దుకుంది.

"ఆదివారం వస్తే నీకేంది?"

నరహరి బ్రష్ బకెట్ అంచుకు ఆనించాడు.

"ఏడాదిన్నర ఆరనిచ్చి చూసిన సింధూజా. పొద్దున చూసిన, మాపున చూసిన. రంగు మారలే. నీకు చెప్పుడే మర్చిపోయిన."

లోపల తలుపు గొళ్లెం చప్పుడైంది. నర్సింగం గడప మీద నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచో తెలియదు. నవ్వుకు మెలకువ వచ్చినట్టుంది. గోడ వైపు చూడనే లేదు, బిడ్డ మొహమే చూస్తున్నాడు.

తర్వాత లోపలికి పోయాడు. గోధుమ రంగు డబ్బా కోసమే అనుకున్నారిద్దరూ. సింధూజ లేచి తలుపుకు వీపు ఆనించి నిలబడింది. నరహరి తెలియకుండానే ఆమె పక్కకు పోయి నిలబడ్డాడు.

నర్సింగం తెచ్చింది డబ్బా కాదు. పెట్టె అడుగు నుంచి ఒక పాత చీర. పెళ్లికి ముందు సిరిసిల్లలో మగ్గం మీద తన చేత్తో వజ్రమ్మకు నేసింది. గంధం రంగు చీర, బెత్తెడు రాణి అంచు. ఆ అంచు తెచ్చి తలుపుకు ఆనించాడు. ఏది తలుపో ఏది చీరో తెలియలేదు.

"నేసినోన్ని నేను," అన్నాడు. "ఆమె అదే రంగు తలుపుకు వేస్తే నాకు ఎరుక కాలే."

ఆయన చీర మడత ఇంకొంచెం విప్పి, గంధం రంగు భాగాన్ని గోడ మీదికి చాపాడు. కార్జం రంగు గోడ మీద కూడా అది వెన్నెలలా కుదురుగా ఉంది.

అప్పుడు ఫోన్ తీశాడు. చెల్లెలు సారక్కతో రెండే ముక్కలు మాట్లాడాడు. రేపు వాళ్లను రావద్దని చెప్పు, గోడ పచ్చిగ ఉంది, ఆనుకుంటే బట్టలకు అంటుకుంటది అన్నాడు. అవతల సారక్క మరి ఎప్పుడు రమ్మంటవని అరుస్తున్నట్టుంది. ఈ గోడ ఇప్పట్లో ఆరేటట్టు లేదని చెప్పి పెట్టేశాడు.

సింధూజ నేల చూపులు చూస్తూ మాస్కు పైకి లాక్కుంది. దాని పైన కళ్లు నవ్వుతూనే ఉన్నాయి.

నర్సింగం గడప లోపలున్న గోధుమ రంగు డబ్బాను కాలితో మూలకు నెట్టి, మిగిలిన తెల్ల బకెట్ తెచ్చి నరహరి ముందు పెట్టాడు. చీర అంచు బిడ్డ చేతికిచ్చి, రంగు కలిపేటప్పుడు పక్కన పట్టుకొమ్మన్నాడు.

"ఈపారి జర తేలిక్క కలుపు, అల్లుడా."